బండి పార్క్ చేసి పోతే జాకెట్, హెల్మెట్ యాడ పెడతా ఉండారు? నెల్లూరు, ఒంగోలు రైడర్లు చెప్పండి

పెన్నాగట్టు_రైడర్
అన్నలూ, ఈ ఆదివారం పెంచలకోన పోతా ఉండాం, నేనూ మా తమ్ముడూ. దర్శనం చేసుకుని అట్నే సోమశిల డ్యామ్ చూసుకుని వచ్చేది. ఫుల్ ఫేస్ హెల్మెట్లు రెండు, ఆర్మర్ జాకెట్, గ్లవ్స్, మోకాలి గార్డులు అన్నీ ఉన్నాయి. అవన్నీ మోసుకుని గుళ్ళోకి పోలేం, బండి మీద వదిలేస్తే దేవుడి ముందు నిలబడ్డా ధ్యాసంతా పార్కింగ్ మీదే ఉంటది. బండి వెనక బిగించే టాప్ బాక్స్ పెట్టించమంటారా, కేబుల్ లాక్ చాలంటారా? రైల్వే స్టేషన్ పార్కింగులో రాత్రంతా వదలాల్సి వస్తే ఏం చేస్తారో కూడా చెప్పండి.

కావలి_క్లాసిక్
కేబుల్ లాక్ మాట నా దగ్గర ఎత్తొద్దు తమ్ముడూ. మా నాయన్ని చూపించడానికి నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రికి పోయినా, హెల్మెట్‌ని దాని పట్టీకుండే డి రింగ్‌లో నుంచి కేబుల్ దూర్చి బండికి లాక్ చేసి లోపలికి పోయినా, బయటికొచ్చి చూస్తే కేబుల్ అట్నే ఉంది, లాక్ అట్నే ఉంది, దానికి జానెడు పట్టీ ముక్క వేలాడతా ఉంది. బ్లేడుతో కోసుకుని పోయినాడు. వాచ్‌మన్‌ని అడిగితే 'హెల్మెట్లకు మా బాధ్యత లేదు' అన్న బోర్డు చూపించినాడు. డబ్బు పోతే పోనీ, పట్టీ కోసిన హెల్మెట్ వాడికి ఎందుకు పనికొస్తదో ఎవరైనా చెప్పండి నాకు.

గూడూరు_నిమ్మతోట
పట్టీ కొత్తది కుట్టించి రోడ్డు పక్కన సెకండ్ హ్యాండ్ అని అమ్ముతారు అన్నా. కొనేవాడు బయటి షెల్ మీద గీతలు చూస్తాడు గానీ పట్టీని ఎవరు కుట్టారో చూడడు. ఆ పట్టీ పడ్డప్పుడు ఊడిపోతే తలకాయకి దిక్కెవరు? 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్క్ లేని హెల్మెట్ అమ్మడమే తప్పు, అయినా రోడ్డు మీద చూడండి ఏం అమ్ముతా ఉండారో. అసలు సెకండ్ హ్యాండ్ హెల్మెట్ కొనేవాళ్ళు ఉన్నంత కాలం ఈ దొంగతనాలు ఆగవు.

ఒంగోలు_టూరర్
డి రింగ్‌లో కేబుల్ దూర్చడం మానేయండి ముందు, నేను ఈ ఫీల్డులో మీ అందరికన్నా ముందు నుంచి ఉన్నా, కర్నూలు రోడ్డులో నా షాపులో లాకులు, బాక్సులు బిగించడమే నా పని. ఫుల్ ఫేస్ అయితే వైజర్ ఎత్తి, కంటి ముందు ఖాళీలో నుంచి కేబుల్ లోపలికి పంపి మెడ దగ్గర కింద నుంచి బయటికి తీయాలి. అప్పుడు కేబుల్ గడ్డం దగ్గర ఉన్న గట్టి భాగాన్ని చుట్టుకుని ఉంటది. పట్టీ కోసినా హెల్మెట్ రాదు, షెల్ పగలగొట్టాల్సిందే. హాఫ్ హెల్మెట్ వాళ్ళకి ఈ దారి లేదు. జాకెట్ అయితే మణికట్టు దగ్గర దూర్చి చెయ్యంతా దాటించి మెడలో నుంచి తీసి అదే కేబుల్‌కి కలపండి. జిప్ తీసినా రాదు.

మైపాడు_గాలి
మాడ్యులర్ హెల్మెట్‌కి ఇది పని చెయ్యదు. గడ్డం భాగం పైకి ఎత్తేస్తే కేబుల్ జారి వచ్చేస్తది. సగం తెలిసి సలహాలు ఇయ్యొద్దు.

ఒంగోలు_టూరర్
యాడ జారి వస్తది? ఎత్తినా ఆ భాగం రెండు పక్కలా షెల్‌కి బిగించే ఉంటది గదా. కేబుల్ ఆ రెండు కొసల మధ్యలో ఇరుక్కుని ఉంటది. ఇంట్లో ఉంటే తాడు కట్టి చూసుకో, తర్వాత మాట్లాడు.

మైపాడు_గాలి
నా దగ్గర మాడ్యులర్ ఉంది, నువ్వు షాపులో చూస్తావ్, నేను రోజూ తలకి పెడతా. ఆ పక్కన స్క్రూలు ఉంటాయి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఊడిపోతాయి.

ఒంగోలు_టూరర్
ఇంతకు ముందు ఎత్తితే చాలన్నావు, ఇప్పుడు స్క్రూలు అంటా ఉండావు. మాట మార్చొద్దు. స్క్రూలు తీసేంత టైం ఉన్నోడు కేబుల్‌నే కట్టర్‌తో కోస్తాడు. ఈ సన్న కేబుళ్ళు పోతా పోతా చెయ్యి వేసే వాడిని ఆపడానికే, పనిముట్లతో వచ్చేవాడిని కాదు. కస్టమర్లకి కూడా ఇదే చెప్తా.

నెల్లూరు_స్కూటరమ్మాయి
మీరిద్దరూ ఫోన్లో కొట్టుకోండి దయచేసి. వైజర్ తెరిచి పెడితే దుమ్ము, వాన లోపలికి పోవా? మినీ బైపాస్‌లో గంట పెడితే లైనింగ్ అంతా మట్టే. నేను స్కూటర్ సీటు కింద కొక్కేనికి పట్టీ తగిలించి సీటు మూస్తా, హాఫ్ హెల్మెట్ అయితే డిక్కీలోనే పడుతుంది. ఇంకో విషయం, అద్దానికి హెల్మెట్ బోర్లించేవాళ్ళు చాలామంది ఉన్నారు. అద్దం కొస లోపలి థర్మాకోల్‌ని నొక్కేస్తది, దెబ్బ తగిలినప్పుడు ఆ చోట కాపాడదు. దొంగతో పాటు ఇది కూడా చూసుకోండి.

ఉదయగిరి_ఘాట్
నాకు అర్థం కానిది ఒకటే, రోహిణీ కార్తెలో నెల్లూరులో జాకెట్ ఎవరు వేస్తారు? చొక్కానే భరించలేం. జాకెట్ లేకపోతే దొంగ భయం కూడా లేదు.

కావలి_క్లాసిక్
అట్టా మాట్లాడొద్దు. హైవే మీద జారితే చొక్కా నిమిషం ఆగదు, చర్మం పోతది. మెష్ జాకెట్లు ఉన్నాయి, బండి కదులుతా ఉంటే గాలి లోపలికి వస్తది. సిగ్నల్ దగ్గర మటుకు చెమట తప్పదు. కొత్త పిల్లలు చదివే చోట జాకెట్ వద్దని రాయడం పద్ధతి కాదు.

ఉదయగిరి_ఘాట్
వద్దనలేదు, ఎండాకాలం గురించి అన్నా. ప్రతిదానికీ పాఠం చెప్పొద్దు.

మార్కాపురం_నల్లమల
టాప్ బాక్స్ గురించి అడిగాడు ఆ అబ్బాయి, ఎవరూ చెప్పలా. గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ మీదుగా రెగ్యులర్‌గా పోయేవాడిని, నాకు బాక్స్ లేకుండా కుదరదు. 45 లీటర్ల దాంట్లో ఒక ఫుల్ ఫేస్, గ్లవ్స్, మడిచిన జాకెట్ వస్తాయి. రెండు ఫుల్ ఫేస్‌లు పెట్టాలంటే ఇంకా పెద్దది కావాలి, కొనేముందు మీ హెల్మెట్లే షాపుకి తీసుకెళ్ళి పెట్టి చూడండి. ఎంత బరువు పెట్టొచ్చో బాక్స్ మీదే రాసి ఉంటది, అది దాటితే వెనకటైరు దగ్గర బండి ఊగుతది. ఇంకా ముఖ్యమైనది బాక్స్ కూర్చునే ప్లేట్. బాక్స్‌కి తాళం ఉన్నా కింద ప్లేట్ బోల్టులు మామూలు అలెన్ కీతో వస్తే బాక్స్ మొత్తం ఎత్తుకుని పోతారు. నట్లు కింద నుంచి అందకుండా బిగించమనండి.

ఒంగోలు_టూరర్
ఈయన చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతా, ఎండలో నిలబెట్టిన బాక్స్‌లో మధ్యాహ్నం హెల్మెట్ ఉంచొద్దు, నల్ల బాక్స్ అయితే అసలే వద్దు. వేడికి లోపలి థర్మాకోల్, జిగురు పాడవుతాయి. నీడ చూసి పార్క్ చెయ్యండి. పెట్రోల్ ట్యాంక్ మీద కూడా హెల్మెట్ పెట్టొద్దు, ఆవిరి పడదు దానికి.

గూడూరు_నిమ్మతోట
స్టేషన్ సంగతి: పార్కింగులో హెల్మెట్‌కి వేరే డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటే లోపల అరలో పెడతారు. జాకెట్ తీసుకోరు, అది బ్యాగులో వేసుకుని రైల్లోకి తీసుకుపోవడమే. తిరుపతి నడిచి ఎక్కేవాళ్ళకి అలిపిరిలో లగేజీ కౌంటర్ ఉంది, తాళం వేసిన బ్యాగులో గేర్ మొత్తం ఇచ్చేస్తే పైకి వస్తది. పెంచలకోనలో నేనైతే పూజ సామాన్ల అంగడి వాళ్ళ దగ్గర కొబ్బరికాయ కొని, బ్యాగు అక్కడే పెట్టి పోతా.

కావలి_క్లాసిక్
నా హెల్మెట్‌కి ఇన్సూరెన్స్ వస్తదేమో అని అడిగితే రాదన్నారు. బండికి బిగించిన సామాన్లకైనా బండితో పాటు పోతేనే ఇస్తారంట, విడిగా పోతే లేదంట. హెల్మెట్, జాకెట్ ఆ లెక్కలోకే రావు.

మార్కాపురం_నల్లమల
అవునన్నా, టూవీలర్ పాలసీలో ఆ షరతు ఉంది. పోలీసులకి రాసిచ్చారా మరి?

కావలి_క్లాసిక్
రాసిచ్చినా. చిన్న వస్తువు కదా అన్నారు. కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 303 సెక్షన్ ప్రకారం ఐదు వేల లోపు విలువైతే, మొదటిసారి శిక్ష పడేవాడు వస్తువో దాని విలువో తిరిగిస్తే సమాజ సేవ శిక్షంట. అయినా చిన్నదని రాయించకుండా వదిలేస్తే ఆ చోట దొంగతనాలు జరుగుతా ఉన్నాయని లెక్కే ఉండదు. అందుకే పట్టుబట్టి రసీదు తీసుకున్నా. మీరు కూడా బిల్లు ఫోటో, హెల్మెట్ లోపలి లేబుల్ ఫోటో ఫోన్లో పెట్టుకోండి, రాసేటప్పుడు అడుగుతారు.

మైపాడు_గాలి
ఒంగోలు అన్నా, తాడు కట్టి చూసినా. స్క్రూలు తీయకుండా రాలేదు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ కేబుల్ రాసుకుని పెయింట్ పోతా ఉంది, దానికేం చెయ్యాలి?

ఒంగోలు_టూరర్
పాత సైకిల్ ట్యూబ్ కోసి కేబుల్‌కి తొడుగు.