చలికి మొగ్గలు రాలిపోతున్నాయి, మొదళ్లలో వేరుశనగ పొట్టు వేయవచ్చా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మిద్దె మీద కుండీల్లో కనకాంబరం, మందారం పెంచుతున్నాం. మన దగ్గర మంచు గడ్డకట్టదు, నిజమే. కానీ సంక్రాంతి ముందు తెల్లవారుజామున చలిగాలి నేరుగా మొక్కలకే తగులుతోంది. కనకాంబరం లేతాకులు అంచుల్లో ముడుచుకుని ఎర్రబారుతున్నాయి. మందారం మొగ్గలైతే విచ్చకుండానే తొడిమతో సహా రాలుతున్నాయి. ఆకుల వెనక చూశాను, పేను గానీ పిండినల్లి గానీ లేవు. అమ్మ పూజకు ఈ పూలే, చెట్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

రాత్రిళ్లు పాత నూలు చీర కప్పి పొద్దున్నే తీసేస్తున్నా. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలిన చోట చెమ్మ పట్టి ఇంకా పాడవుతుందని వాడట్లేదు. నీళ్లు ఎండ వచ్చాకే పోస్తున్నా.

నా అనుమానమంతా మొదళ్ల గురించే. ఇక్కడ వేరుశనగ పొట్టు కావాల్సినంత దొరుకుతుంది. రెండంగుళాల మందాన పరిస్తే వేళ్లు వెచ్చగా ఉంటాయా, లేక చెదలు పడతాయా? ఇంకోటి, మల్లెల్ని జనవరిలో కత్తిరించడం మామూలే కదా, మందారాన్ని కూడా అప్పుడే కత్తిరించవచ్చా? లేక చలి శివశివా అని పోయేదాకా ఆగాలా? మన సీమలో మిద్దెతోట పెంచేవాళ్లు దయచేసి చెప్పండి.