రైజర్లు వేస్తే పాత కేబుళ్లు సరిపోతాయా?

ప్రశ్న: ఎక్కువసేపు బండి నడిపితే మణికట్లు, మెడ లాగేస్తున్నాయి. 30 మి.మీ. రైజర్లు (హ్యాండిల్‌బార్‌ను ఎత్తుగా ఉంచే దిమ్మెలు), కాస్త వెనక్కి వంగిన హ్యాండిల్‌బార్ తెచ్చాను. పాత కేబుళ్లు, బ్రేక్ హోస్ (బ్రేక్ ద్రవం వెళ్లే గొట్టం) అందుతాయా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బార్‌ను వదులుగా బిగించి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా తిప్పితే ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) పెరిగిందంటే థ్రాటిల్ (యాక్సిలరేటర్) కేబుల్ లాగుతున్నట్టే. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్) పూర్తిగా సాగినప్పుడు బ్రేక్ హోస్ చూడండి. బిగుసుకుంటే పొడవైనది వేయాల్సిందే. దయచేసి అక్కడ మాత్రం సర్దుకోకండి.

మరో జవాబు: బార్ మందం చూశారా? 22 మి.మీ. బార్‌ను 28 మి.మీ. క్లాంప్ పట్టదు. బోల్టులు ఎంత బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

అడిగినవారు: మందం సరిపోయింది, కేబుళ్లూ అందాయి. హోస్ మాత్రం బిగుస్తోంది. పొడవైనది వేయించి, బ్రేక్ బ్లీడ్ చేయించాకే (లోపలి గాలి తీయించాకే) బండి బయటికి తీస్తాను.