ఈ వారం సమస్య: "వ్రాయకున్నవాఁడె వ్రాయఁగలఁడు"

నిర్వాహకుడు:
ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. రాయనివాడే రాయగలడనడం పైకి పొసగని మాట. మీ మూడు పాదాలతో దాన్ని పొసగించాలి, అదే పూరణ.

ఈ పాదం ఊరికే ఇవ్వలేదు. నిరుడు మూడు నెలలు నాకు ఒక్క పద్యం రాలేదు. రోజూ నోట్‌బుక్ తెరిచి తారీఖు వేసేవాణ్ణి, కాసేపు చూసి మూసేసేవాణ్ణి. తారీఖు తప్ప ఏమీ లేని పేజీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అల్లసాని పెద్దన పేర చెప్పుకునే చాటువులో (విడిపద్యంలో) కవి రాయడానికి నిరుపహతి స్థలం (ఇబ్బంది లేని చోటు), కప్పురవిడెం (కర్పూర తాంబూలం), ఉయ్యాలమంచం అడుగుతాడు. అవన్నీ అమరాలన్నట్టే నేనూ ఎదురుచూశాను. సభలో అడిగినదానికి అప్పటికప్పుడే పద్యం చెప్పే అష్టావధాని సంగతి చూడండి. ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవాళ్లు) ఉంటారు, ఆయనకు మూడ్ వచ్చేదాకా ఎవరూ ఆగరు. అయినా పాదం వస్తుంది, ఎందుకంటే రోజూ సాధన ఉంది.

భీమవరం లెక్కల మాస్టారు:
మెచ్చుకోలు నడిగి, మేల్బిరుదముఁ గోరి,
వేదికెక్కి పొందు వెలుఁగు కొరకు,
పరుల కోస మనుచు పదమైన నొక్కటి
వ్రాయకున్నవాఁడె వ్రాయఁగలఁడు.

నిర్వాహకుడు:
మాస్టారూ, విరుపు చక్కగా కుదిరింది. 'మేల్బిరుదము' బాగుంది. మూడో పాదంలో ఒక్క సవరణ: 'అనుచు' ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), దాని తర్వాత ప బ అవుతుంది కాబట్టి 'అనుచుఁ బదమైన' అనాలి. ప-బ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చెల్లుతుంది, ఇబ్బంది లేదు. నా మూడు నెలలకూ అసలు కారణం మీ రెండో పాదంలోనే ఉంది. ఒక సభలో చదివిన పద్యానికి చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత ఏది రాయబోయినా దానికి సాటిరాదనిపించేది.

సిద్దిపేట అక్కయ్య:
నాది క్రమాలంకారం, వరసగా రెండు ప్రశ్నలు, నాలుగో పాదంలో అదే వరసలో రెండు జవాబులు.
ఎవని కలము లోన నెండిపోవును సిరా?
రోజు కొక్క పాద రుచి మరగిన
యతఁడు మనసు చెదర నపు డేమి చేయును?
వ్రాయకున్నవాఁడె, వ్రాయఁగలఁడు.

నిర్వాహకుడు:
'రుచి మరగిన' అన్న చోట ఆగిపోయాను అక్కయ్యా. అలవాటంటే నిజంగా అదే. కానీ 'ఎవని' అని అడిగితే 'వ్రాయకున్నవాని' అని జవాబు రావాలి కదా, విభక్తి కుదరలేదు.

సిద్దిపేట అక్కయ్య:
నిజమే తమ్ముడూ. ఇలా మార్చాను: "ఎవఁడు కలము లోన నెండించును సిరాను?"

నిర్వాహకుడు:
ఇప్పుడు సరిపోయింది. ఇక నా పూరణ. ఇందులో కల్పన లేదు. పొద్దున ఐదున్నరకు పాలు పొయ్యి మీద పెడతాను. గిన్నె అంచున చిన్న బుడగలు మొదలై, మీగడ పైకి లేచేలోగా ఒక్క పాదం రాయాలని నియమం పెట్టుకున్నాను. బాగుందా లేదా అన్నది అప్పుడు చూడను. మొదటి వారమంతా గణాలు (గురులఘువుల లెక్క) తప్పాయి. రెండో వారంలో యతి దానంతటదే పడడం మొదలైంది.
పాలు పొంగులోనఁ బాద మొక్కటి చాలు
పూట విడువకుండఁ బొద్దునందు;
మూఁడు నెలల నుండి ముక్కయైనను దాను
వ్రాయకున్నవాఁడె వ్రాయఁగలఁడు.

భీమవరం లెక్కల మాస్టారు:
'పొంగులోన' అంటే పొంగేలోగా అనే కదా? 'వచ్చులోన' లాంటి ప్రయోగం. కొత్తవాళ్లు 'పొంగు లోపల' అనుకుంటారేమో.

నిర్వాహకుడు:
అనుకునే వీలుంది మాస్టారూ. అయినా పక్కనే 'చాలు' ఉంది కనుక అర్థం దారికొస్తుందని ఉంచేశాను.

విజయనగరం చెల్లెమ్మ:
అన్నయ్యా, రెండేళ్లుగా ఏమీ రాయలేదు. ఇవాళ మీరు చెప్పినట్టే పాలు పెట్టి కూర్చుంటే ఒక్క పాదం వచ్చింది. పూరణ కాదు, అయినా పెడుతున్నాను.
అమ్మ పోయినపుడె యాగిపోయెను కలం

నిర్వాహకుడు:
పెట్టి మంచిపని చేశావు చెల్లెమ్మా. గణాలన్నీ సరిపోయాయి, అ-యా యతి కుదిరింది. 'కలం' ముందు ద్రుతం సంగతి తర్వాత చూసుకుందాం. రెండో పాదానికి ఐదు సూర్యగణాలు (ఒక్కోటి గురులఘువు గానీ మూడు లఘువులు గానీ) కావాలి. రేపు పొద్దున చూస్తుంటాను.