వారంటీ ఉన్న కారుకు బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందా?

ఎర్రకారు:
కొత్త కారుకు ఉచిత సర్వీసులు అయిపోయాయి. ఇకమీదట ఆయిలు, ఫిల్టర్లు తెలిసిన మెకానిక్ దగ్గర మార్పిద్దామనుకుంటున్నాను. షోరూములో అడిగితే "బయట చెయ్యి పడిందంటే వారంటీ పోయినట్టే" అన్నారు. మెకానిక్ ఏమో "ఆయిలు మార్చినంత మాత్రాన ఎక్కడికి పోతుందండీ" అని నవ్వేశాడు. ఎవరి మాట వినాలి?

చక్రధారి:
షోరూము వాళ్లు చెప్పింది చాలా దేశాల్లో చెల్లని మాట. అమెరికాలో 1975 నుంచి మాగ్నుసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా చోటే సర్వీసు చేయించాలి, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలి అని వారంటీకి షరతు పెట్టాలంటే ఆ పని కంపెనీ ఉచితంగా చేసిపెట్టాలి, లేదా ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఐరోపాలో 2010 నాటి వ్యాపార పోటీ నిబంధనల సారాంశమూ ఇంచుమించు ఇదే. భారతదేశంలో వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదంది. దానిపై అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. బయటి పని వల్ల ఏ భాగం చెడిందో ఆ భాగం వరకే కంపెనీ కాదనవచ్చు. మీరు నిశ్చింతగా మార్పించుకోండి.

కౌంటరువెనక:
చక్రధారి గారూ, "నిశ్చింతగా" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేను చాలాకాలం సర్వీసు సెంటరులో క్లెయిములు చూసేవాణ్ని. చట్టం మీరు చెప్పినట్టే ఉండవచ్చు. కానీ ఇంజిను క్లెయిము వస్తే నిర్ణయించేది కౌంటరులో మీతో మాట్లాడే మనిషి కాదు, కంపెనీ వారంటీ విభాగం. వాళ్లు మొదట అడిగేది సర్వీసు చరిత్ర.

ఒకటి చెబుతాను. ఇంజిను ఆయిలులోనే మునిగి తిరిగే టైమింగు బెల్టు ఉన్న బండి ఒకటి వచ్చింది. ఆయిలు ప్రెషరు దీపం వెలిగిందట. ఇంజిను అడుగున ఆయిలు నిలిచే సంపు విప్పితే ఆయిలు లాగే జల్లెడ నిండా నల్లటి రబ్బరు తునకలు. బెల్టు ఆయిలులో ఉబ్బి, అంచులు ఊడిపోయి ఉంది. ఇలాంటి ఇంజిన్లకు కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి, లేకపోతే బెల్టు రబ్బరు పాడవుతుంది. యజమాని సర్వీసు మానలేదు, బిల్లులూ తెచ్చారు. అన్నిటిమీదా ఉన్నది ఒకటే వాక్యం: "ఇంజిను ఆయిలు, 4 లీటర్లు". ఏ గ్రేడు, ఏ నాణ్యతా ప్రమాణం, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారు, ఏదీ లేదు. సరైన ఆయిలే పోశారేమో! నిరూపించే కాగితం లేదు. క్లెయిము తిప్పి పంపారు.

చక్రధారి:
అంటే మీరు చెప్పిన కథలో వారంటీని పోగొట్టింది బయటి మెకానిక్ కాదు కదా, బిల్లు. అది దిద్దుకోదగ్గ లోపం. ఎర్రకారు గారూ, బిల్లుమీద బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు, ఆయిలు గ్రేడుతోపాటు ప్రమాణం, ఫిల్టరు పార్టు నంబరు రాయించండి. 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడు చిక్కదనం మాత్రమే చెబుతుంది. డీజిలు బండికి ఎగ్జాస్టులో మసి ఫిల్టరు ఉంటే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలు కావాలి. మసిని ఆ ఫిల్టరు కాల్చేసుకుంటుంది, బూడిద మాత్రం కాలదు, పేరుకుపోతుంది. ఏ ప్రమాణం కావాలో యజమాని పుస్తకంలో ఉంటుంది. డబ్బా లేబులునూ మీటరునూ ఫోటో తీసి పెట్టుకోండి. పుస్తకం ఇన్ని నెలలు లేదా ఇన్ని కిలోమీటర్లు అంటే, ఏది ముందొస్తే అదే లెక్క. బండి తక్కువ తిరిగిందని నెలలు దాటేసేవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు.

మూడోగేరు:
షోరూములో మాత్రం ఆయిలు నిజంగా మారుస్తున్నారని ఎవరు చూశారు? బిల్లు వేసి బండి కడిగి ఇచ్చేస్తారు!

కౌంటరువెనక:
మారుస్తామని బిల్లిచ్చి మార్చకపోతే అది వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. రికార్డు వాళ్లదే, బాధ్యతా వాళ్లదే. బయట చేయిస్తే తప్పు ఎవరిదైనా మెకానిక్‌కూ కంపెనీకీ మధ్య తిరగాల్సింది మీరు. తేడా అదీ. ఇంకోటి, వారంటీ గడువు దాటిన కొద్ది రోజులకే పెద్ద భాగం పోతే కొన్నిసార్లు కంపెనీ దయతలచి ఖర్చులో కొంత భరిస్తుంది. అది హక్కు కాదు కాబట్టి ఏ చట్టమూ ఇప్పించలేదు. ఎప్పుడూ షోరూముకే వచ్చే బండికి ఆ అవకాశం ఎక్కువ. న్యాయమా అంటే, కాదు.

ఎర్రకారు:
కంపెనీ రీకాలు అని బండ్లను వెనక్కి పిలిస్తే? బయట సర్వీసు చేయించిన బండి కాబట్టి చేసిపెట్టం అంటారా?

చక్రధారి:
అనకూడదు. రీకాలు తయారీ లోపానికి సంబంధించింది, సర్వీసు ఎక్కడ చేయించారన్న ప్రశ్నే లేదు. రీకాళ్లు, సాఫ్టువేరు మార్పులు, వారంటీ కింద వచ్చే రిపేర్లు షోరూములోనే చేయించండి. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్ల లాంటివి బయట. హారను కోసమో దీపాల కోసమో వైర్లు కోయించడం, ఇంజిను కంప్యూటరులో ప్రోగ్రాము మార్పించడం లాంటివి వారంటీ ఉండగా వద్దు. అక్కడ కంపెనీ కాదంటే వాదించడం కష్టం.

కౌంటరువెనక:
దీనికి ఒప్పుకుంటాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారా? తీసుకుంటే పత్రంలో సర్వీసు గురించి ఏముందో చూసి చెప్పండి.

ఎర్రకారు:
తీసుకున్నాను. కారుతో వచ్చిన వారంటీ పుస్తకంలో "షెడ్యూలు ప్రకారం సర్వీసు జరిగి ఉండాలి" అని మాత్రమే ఉంది. పొడిగింపు పత్రంలో "అన్ని సర్వీసులూ అధీకృత కేంద్రంలోనే" అని ఉంది. కానీ అది అసలు వారంటీ ముగిశాకే కదా మొదలయ్యేది?

కౌంటరువెనక:
మొదలయ్యేది అప్పుడే, కానీ "అన్ని సర్వీసులూ" అంటే ఈరోజు చేయించేది కూడా. పొడిగింపు మీరు డబ్బు పెట్టి కొన్న వేరే ఒప్పందం. చక్రధారి గారు చెప్పిన రక్షణ దానికి అలాగే వర్తిస్తుందనుకోవద్దు. ఆ పత్రం చేతిలో ఉన్నంతకాలం బయట ఆయిలు మార్పించకండి.

చక్రధారి:
నేనైతే రద్దు నిబంధన చదువుతాను. ఇంకా మొదలు కాలేదు కాబట్టి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందేమో కనుక్కోండి. వస్తే తీసుకుని, మీ మెకానిక్ దగ్గరికే వెళ్లండి.

కౌంటరువెనక:
గేరుబాక్సు ఒకసారి పోయాక ఈ సలహా మళ్లీ ఇవ్వండి, చూద్దాం.