ఈవెంట్ వ్యూయర్ నిండా ఎర్ర గుర్తులే, ఇందులో అసలు దొంగ ఏది?

నిద్రలేనోడు:
మూడు వారాలుగా నా డెస్క్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. మౌస్ కదులుతుంది కానీ దేని మీద నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి అర నిమిషంలో తనే తేరుకుంటుంది. తేరుకోకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తున్నాను. విండోస్ 10 ఉన్నది ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో, ఫొటోలూ వీడియోలూ ఉన్నది సాటా కేబుల్‌తో తగిలించిన పాత హార్డ్ డిస్క్‌లో.

విండోస్ తనలో జరిగినవి రాసుకునే లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్ చూడమని ఎవరో అంటే తెరిచాను. టెన్షన్ ఇంకా పెరిగింది. సిస్టమ్ లాగ్‌లో వందల గుర్తులు! డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ అనే సోర్స్ నుంచి 10016 నంబర్ ఈవెంట్ అయితే రోజూ బారులు తీరి ఉంటోంది. నేను ఆపేసిన ప్రతిసారీ 'క్రిటికల్' అంటూ కెర్నల్-పవర్ 41. నెట్‌లో ఒకరు పవర్ సప్లై మార్చమంటారు, ఇంకొకరు ర్యామ్ అంటారు. పసుపు వార్నింగ్‌లు వదిలేసి, 41కి ముందు ఐదు నిమిషాల్లో ఉన్న ఎర్రవన్నీ చదివాను. ఏమీ లేదు. విండోస్ మళ్లీ ఎక్కించుకోవడమేనా?

తోచిందిచెప్తా:
లాగ్ మొత్తం క్లియర్ చేసి, ఏదైనా రిజిస్ట్రీ క్లీనర్ వేసి చూడండి.

పాతకీబోర్డు:
దయచేసి ఆ రెండూ చేయకండి. లాగ్ చెరిపేస్తే ఉన్న ఒక్క సాక్షి కూడా పోతుంది.

10016ని మర్చిపోండి. బాగా పనిచేసే మెషీన్లలోనూ అది ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. 41ని తెరిచి డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ చూడండి. 0 ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదన్నమాట. దాని కిందే పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ ఉంటుంది. అక్కడ సున్నా కాక పెద్ద అంకె ఉంటే ఆ 41 మీ వేలి పనే! బటన్ నొక్కిపట్టారు కాబట్టి, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మరుసటి బూట్‌లో రాసుకుంది, అంతే.

మీరు పొరపాటు పడిందీ ఇక్కడే. 41 పక్కనుండే టైమ్ మళ్లీ ఆన్ చేశాక పడింది. దాని ముందు వెతికితే బూట్ మెసేజ్‌లే దొరుకుతాయి. దగ్గర్లోనే 6008 ఉంటుంది, దాన్ని తెరవండి. ముందటి షట్‌డౌన్ అనుకోకుండా ఎన్నింటికి జరిగిందో ఆ వాక్యం లోపలే రాసి ఉంటుంది. ఆ టైమ్ పట్టుకుని పది నిమిషాలు వెనక్కి వెళ్లండి. ఫిల్టర్‌లో వార్నింగ్ టిక్ తీయకండి. అసలు సంగతి చాలాసార్లు పసుపులోనే ఉంటుంది.

నిద్రలేనోడు:
బగ్‌చెక్‌కోడ్ 0. టైమ్‌స్టాంప్‌లో బారెడు అంకె. నా వేలే!

6008లో 11:42 అని ఉంది. వెనక్కి వెళ్తే 11:38 నుంచి పసుపు త్రికోణాలు వరసగా, ఒక్కొక్కటి అర నిమిషం తేడాతో. సోర్స్ స్టోర్‌ఏహెచ్‌సీఐ, ఐడీ 129, 'రెయిడ్‌పోర్ట్0'కి రీసెట్ ఇచ్చామని. నా దగ్గర రెయిడ్ (కొన్ని డిస్క్‌లను కలిపి వాడే పద్ధతి) లేదే?

పాతకీబోర్డు:
ఆ పేరు చూసి కంగారు పడకండి, రెయిడ్ లేకపోయినా అలాగే రాస్తుంది. స్టోర్‌ఏహెచ్‌సీఐ అంటే సాటా డిస్క్‌లను నడిపే డ్రైవర్. సాటా వైపున్న డిస్క్ అడిగినదానికి జవాబివ్వలేదు, డ్రైవర్ ఎదురుచూసి చూసి రీసెట్ చేసిందని అర్థం. మీ ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ కాబట్టి దాని గొడవైతే దాని డ్రైవర్ స్టోర్‌ఎన్‌వీఎంఈ పేరుతో వచ్చేది. మిగిలింది పాత డిస్క్. విండోస్ కూడా దాని మీదే ఉండుంటే ఈ లాగ్ రాయడానికే వీలయ్యేది కాదేమో. అలాంటప్పుడు లాగ్‌లో కనిపించే ఖాళీయే ఆనవాలు.

ముందు ఫొటోలు వేరే చోటికి కాపీ చేయండి. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ7 వరసలు చెప్పండి.

నిద్రలేనోడు:
కాపీ అయింది. 05, సీ5 రెండూ సున్నా. సీ7లో 1ఏ6.

తీగలాగితే:
అవి హెక్స్ (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే) అంకెలండీ, 1ఏ6 అంటే 422. సీ7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా ఎన్నిసార్లు చెడిందో ఆ లెక్క. 05, సీ5 అంటే డిస్క్ లోపల పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క. 05, సీ5 సున్నా కాబట్టి డిస్క్ లోపలి పళ్లెం కన్నా ముందు సాటా కేబుల్‌ని అనుమానించాలి. లైనక్స్‌లో నాకూ ఇదే జరిగింది. కెర్నల్ లాగ్ నిండా 'హార్డ్ రీసెటింగ్ లింక్' అని వచ్చేది. కేబుల్ మార్చి, బోర్డు మీద వేరే పోర్టులో పెట్టండి. మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు.

నిద్రలేనోడు:
కేబుల్ మార్చి పన్నెండు రోజులైంది. పాతది డిస్క్ వైపు సగం ఊడి ఉంది, పోయిన నెల దుమ్ము దులిపినప్పుడు నేనే కదిపి ఉంటాను. 129 మళ్లీ ఒక్కటీ పడలేదు. సీ7 ఇంకా 1ఏ6 దగ్గరే ఉంది. 10016లు మాత్రం ఎప్పట్లాగే బారులు తీరి ఉన్నాయి.