టాప్ రేటెడ్ బ్యాడ్జ్ కోసం రేటు తగ్గించి ఆర్డర్లు పట్టాలా?

బ్రాడీపేట లేబుల్స్ (ప్రశ్న పెట్టినవారు)

అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఫైవర్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో ఫుడ్ ప్యాకెట్లకు లేబుళ్లు డిజైన్ చేస్తాను. మొదట్లో ఇక్కడి కారప్పొడి, పచ్చళ్ల వాళ్లకే చేసేవాణ్ణి. డబ్బులు అడిగితే "యార్డులో సరుకు కదలట్లేదు, వచ్చే నెల చూద్దాం" అనేవాళ్లు. ఆ వచ్చే నెల కోసం చూసి చూసి ఇటు వచ్చాను.

ఇప్పుడు లెవెల్ 2లో, అంటే టాప్ రేటెడ్‌కి ఒక మెట్టు కింద ఉన్నాను. లేబుల్ 35 డాలర్లు. ఫైవర్ 20 శాతం కోసుకోగా 28 చేతికొస్తుంది. 150కి పైగా ఆర్డర్లు చేశాను, సంపాదన 4,300 డాలర్ల దగ్గరుంది. టాప్ రేటెడ్ అవ్వాలంటే 40 ఆర్డర్లు, 20 మంది వేర్వేరు క్లయింట్లు, 10,000 డాలర్ల సంపాదన కావాలి. రేటింగ్, సక్సెస్ స్కోరు మళ్లీ వేరే. నేను డబ్బు దగ్గర ఆగిపోయాను.

నా రూమ్మేట్ ఏమంటాడంటే, రేటు 20కి దించు, ఆర్డర్లు ఎగబడి వస్తాయి, బ్యాడ్జ్ వచ్చాక పెంచుకో అని. మా అక్కేమో అసలు ఆ బ్యాడ్జ్ ఎవరికి కావాలిరా, ఉన్న పని సరిగ్గా చేసుకో అంటుంది. ఇద్దరి మధ్య నాకు నిద్ర పట్టట్లేదు. మీరేమంటారు?

పటమట సీనియర్

రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. బెజవాడ బీసెంట్ రోడ్డులో చూడు, జనం మూగిన కొట్టు దగ్గరికే ఇంకో పదిమంది వెళ్తారు. ఖాళీగా ఉన్న కొట్టులో సరుకు ఎంత మంచిదైనా ఎవరూ గుమ్మం ఎక్కరు. ఆన్‌లైన్‌లోనూ అంతే. అమెరికా వాడికి నీ చేతిపని తెలీదు. ఫిల్టర్‌లో టాప్ రేటెడ్ అని నొక్కుతాడు, అందులో ఉన్నవాళ్లకే మెసేజ్ పెడతాడు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మామూలు సెల్లర్‌కి ఆర్డర్ పూర్తయ్యాక డబ్బు చేతికి రావడానికి 14 రోజులు. టాప్ రేటెడ్‌కి 7 రోజులే. ఇంటి అద్దె ఐదో తారీకున కట్టాల్సినవాడికి ఆ వారం తేడా ఏమిటో నాకు తెలుసు. ఒక ఏడాది కష్టపడు, అయిపోతుంది.

ఏలూరు రోడ్ లెక్కలు

సీనియర్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. ఆయనకు ఇంకా 5,700 డాలర్లు కావాలి. రేటు 20 అయితే చేతికి 16. అంటే 350కి పైగా ఆర్డర్లు. ఏడాదిలో అంటే రోజుకొకటి, సంక్రాంతి నాడు కూడా. ఇప్పటి 35లోనే ఉంటే దాదాపు 200 ఆర్డర్లు. అదే 90 పెడితే చేతికి 72, సుమారు 80 ఆర్డర్లతో పని అయిపోతుంది.

అసలు ఆ షరతులోనే విషయం ఉంది. 40 ఆర్డర్లు, 10,000 డాలర్లు అన్నారు. భాగిస్తే ఆర్డర్‌కు 250. అంటే వాళ్లు ఎలాంటి సెల్లర్‌ని మనసులో పెట్టుకుని ఆ గీత గీశారో తెలియట్లేదా? చవగ్గా అమ్మేవాడు రాడని కాదు, వాడు ఎన్నో రెట్లు దూరం నడిచి రావాలి. నడిచేటప్పుడు దారిలో రాళ్లు కూడా అన్ని రెట్లు ఎక్కువ తగులుతాయి. 350 మందిలో ఎంతమంది చిరాకు మనుషులు ఉంటారో ఊహించుకోండి. 20 డాలర్లు ఇచ్చేవాడు పెట్టే రివిజన్లు (మార్పులు) 200 ఇచ్చేవాడు పెట్టడు, ఇది నా సొంత అనుభవం.

పటమట సీనియర్

కాగితం మీద అందరం కోటీశ్వరులమే. 90 పెట్టాక ఆర్డర్ రావాలిగా? రాకపోతే 72ని సున్నాతో గుణించు.

సింగ్‌నగర్ వీడియో

నేను వేరే కోణంలో చెబుతా. సైట్ పేరు చెప్పను. నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. 2024 ఆగస్టు నాటికి నాకూ పై బ్యాడ్జ్ ఉండేది. నాలుగేళ్లు పట్టింది తెచ్చుకోవడానికి.

సెప్టెంబర్ 1, ఆదివారం. బెజవాడలో బుడమేరు వాగు పొంగి నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మొదట మోకాలి దాకా అనుకున్నాం, మధ్యాహ్నానికి కింది ఇల్లు మునిగింది. సిస్టమ్ పైకి మోసుకెళ్లాను, హార్డ్ డిస్కులు కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేదు, తాగడానికి నీళ్ల ప్యాకెట్లు పడవల్లో వచ్చేవి. నా దగ్గర అప్పటికి ఆరు ఆర్డర్లు నడుస్తున్నాయి. గడువు పొడిగించమని అడగాలన్నా లాగిన్ అవ్వాలి, సెలవు పెట్టాలన్నా లాగిన్ అవ్వాలి. అవ్వలేకపోయాను.

ఆరో రోజు బంధువుల ఇంటికి చేరి ఫోన్ ఛార్జింగ్ పెట్టి చూస్తే నాలుగు క్యాన్సిల్, రెండు లేటు. సపోర్ట్‌కి ఫొటోలతో సహా రాశాను. "మీ పరిస్థితికి చింతిస్తున్నాం" అని వచ్చింది. స్కోరు మాత్రం చింతించలేదు, దిగిపోయింది. తర్వాత నెలల్లో బ్యాడ్జ్ కూడా పోయింది.

వింత ఏమిటంటే, ఆ నాలుగు క్యాన్సిల్ చేసిన వాళ్లలో ఇద్దరు తర్వాత తిరిగొచ్చారు, వార్తల్లో చూశాం, బాగున్నారా అని అడిగారు. వాళ్లే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నారు. బ్యాడ్జ్ మీద ఇల్లు కట్టుకోకండి, అంతే నేను చెప్పేది.

బ్రాడీపేట లేబుల్స్

అన్నా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. హార్డ్ డిస్కులు బాగానే ఉన్నాయా?

సింగ్‌నగర్ వీడియో

ఒకటి పోయింది. మా అమ్మకు బియ్యం తడిశాయనే బాధ ఎక్కువ.

మొగల్రాజపురం అక్క

మీరంతా ఫైవర్ కళ్లతోనే చూస్తున్నారు. నేను అప్‌వర్క్ అనే ఇంకో ఫ్రీలాన్స్ సైట్‌లో అకౌంట్స్ పని చేస్తాను, పిల్లలు స్కూలుకెళ్లాక ఒక షిఫ్టు, వాళ్లు పడుకున్నాక ఇంకో షిఫ్టు. అక్కడ టాప్ రేటెడ్ లెక్క వేరు. ఏడాదిలో 1,000 డాలర్లు, జాబ్ సక్సెస్ స్కోరు 90 శాతం పైన ఉండాలి. దాని మీద ప్లస్ అని ఉంది, దానికి ఏడాదికి 10,000. నాకు ముగ్గురే క్లయింట్లు, అయినా టాప్ రేటెడ్ వచ్చింది. మందిని పోగేయక్కర్లేదు, ఉన్నవాళ్లు ఉండిపోతే చాలు.

బ్యాడ్జ్ దండగ అని నేను అనను. అక్కడ పనికి అప్లై చేయాలంటే కనెక్ట్‌లు అనే టోకెన్లు కొనాలి, ఒక్కోటి 15 సెంట్లు. మొదటి ఆరు నెలలు వాటికి పోసిన డబ్బులు చూసి మా ఆయన "లాటరీ టికెట్లు కొంటున్నావా" అనేవారు. బ్యాడ్జ్ వచ్చాక క్లయింట్లే పిలవడం మొదలైంది. ఆ తేడా నేను కళ్లారా చూశాను.

ఒక్క జాగ్రత్త. బయటికి కనిపించే స్టార్లు వేరు, క్లయింట్ రహస్యంగా ఇచ్చే అభిప్రాయం వేరు. పైకి ఐదు స్టార్లు ఇచ్చి లోపల తక్కువ వేసేవాళ్లుంటారు, స్కోరులో అదీ కలుస్తుంది. ఐదు స్టార్లు ఉన్నాయి కదా స్కోరు ఎందుకు పడింది అని ఏడ్చేవాళ్లలో సగం మంది కథ ఇదే. ముఖ్యంగా బాగా చవగ్గా ఒప్పుకుని, చివర్లో ఓపిక నశించి ముక్తసరిగా మాట్లాడినప్పుడు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. మా కోచింగ్‌లో చెప్పారు, ఫ్రెండ్స్ పదిమందితో అకౌంట్లు తీయించి పెద్ద ఆర్డర్లు పెట్టించుకో, డబ్బు వాళ్లకి తిరిగి ఇచ్చేయ్. 20 శాతం పోతే పోయింది, బ్యాడ్జ్ ఖర్చు అనుకో. అందరూ చేసేదే.

ఏలూరు రోడ్ లెక్కలు

బాబూ, నీ లెక్కే వేద్దాం. 5,700 చేతికి రావాలంటే 7,125 డాలర్ల ఆర్డర్లు పెట్టించాలి. అందులో 1,425 డాలర్లు కమిషన్‌గా పోతాయి. అంటే లక్ష రూపాయలకు పైగా కట్టి, అకౌంట్ మూతపడే రిస్కు కొనుక్కుంటున్నావు. అది నిబంధనలకు విరుద్ధం, పట్టుకుంటే లోపలున్న డబ్బు కూడా ఇరుక్కుంటుంది. పైగా ఆ డబ్బంతా నీ ఆదాయంగా లెక్కలోకి వస్తుంది, రేపు ఐటీ రిటర్నులు వేసేటప్పుడు ఏం చెబుతావు? కోచింగ్ ఫీజు వెనక్కి అడుగు ముందు.

నిర్వాహకులు

నకిలీ ఆర్డర్ల సలహాలు ఇక్కడ వద్దు. చూసి తెలుసుకుంటారని ఈ ఒక్కటి ఉంచుతున్నాం, ఇంకోటి పెడితే తీసేస్తాం.

లక్ష్మీపురం ఈఎంఐ

చిన్న అనుభవం. ఫ్లాట్ లోన్ కోసం బ్యాంకుకెళ్లి ప్రొఫైల్ ప్రింటవుట్ చూపించాను, టాప్ రేటెడ్ అని పచ్చ రంగులో హైలైట్ కూడా చేసి. మేనేజర్ గారు అటూ ఇటూ తిప్పి "ఇది ఏ డిపార్ట్‌మెంట్ బాబూ" అన్నారు. చివరికి ఆయన అడిగింది ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. పెళ్లి చూపుల్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది, అది ఇంకో కథ.

తమ్ముడూ, బ్యాడ్జ్ సంగతి ఎలా ఉన్నా రిటర్నులు మానకు.

ఆటోనగర్ ప్రింటింగ్

నేను ఫ్రీలాన్సర్‌ని కాదు, ప్యాకెట్లు ప్రింట్ చేసేవాణ్ణి. లేబుల్స్ తమ్ముడికి ఒక మాట. నా దగ్గరికి వచ్చే డిజైన్లలో పదికి ఏడు మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. బార్‌కోడ్ చుట్టూ ఖాళీ వదలరు. పౌచ్ మడత మీద అక్షరాలు పెడతారు. శాకాహార గుర్తు పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉండాలని తెలీక ఏదో ఆకు బొమ్మ వేస్తారు. అమెరికాకు వెళ్లే ప్యాకెట్ అయితే అక్కడి పోషకాల పట్టికకు పద్ధతి వేరే.

నువ్వు కారప్పొడి వాళ్ల దగ్గర మూడేళ్లు తిట్లు తిని ఇవన్నీ నేర్చుకుని ఉంటావు. ఆ పని తెలిసినవాడు 35 డాలర్లకు బొమ్మ ఎందుకు అమ్ముతున్నాడు? ప్రెస్‌కి నేరుగా పంపే ఫైల్ అమ్ము. మూడు రుచుల ప్యాకెట్లు కలిపి ఒక సెట్‌గా అమ్ము. ఆ కొనేవాడు చవగ్గా ఉన్నావని రాడు, ఒకసారి ప్రింటింగ్‌లో నష్టపోయి వస్తాడు.

పటమట సీనియర్

ఇది ఒప్పుకుంటా. కానీ పాత 35 ప్యాకేజీని పూర్తిగా తీసేయకు. దాన్నలాగే ఉంచి, పైన కొత్తది పెట్టు. ఒక్క దెబ్బకు పెంచితే నీ గిగ్, అంటే సైట్‌లో నీ పని ప్రకటన, వెనక పేజీలకు పోతుంది, నాకు జరిగింది, తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది.

ఏలూరు రోడ్ లెక్కలు

హమ్మయ్య, సీనియర్ గారు మొదటిసారి నాతో సగం కలిశారు.

పటమట సీనియర్

పావు. సగం కాదు.

బ్రాడీపేట లేబుల్స్

పదిహేను రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి సారీ. 20కి దించలేదు. 35ది అలాగే ఉంచి, ప్రెస్‌కి పంపే ఫైల్‌తో 110 డాలర్ల ప్యాకేజీ, మూడు రుచుల సెట్ 260 పెట్టాను. గిగ్ వివరణలో ఆటోనగర్ అన్న చెప్పిన బార్‌కోడ్, మడత సంగతులే రాశాను.

మొదటి తొమ్మిది రోజులు చిన్న ఆర్డర్లు కూడా తగ్గాయి. రూమ్మేట్ ముఖంలో ఒకటే నవ్వు. పదో రోజు పాత క్లయింట్ ఒకాయన, టెక్సాస్‌లో పచ్చళ్లు అమ్ముతాడు, సెట్ తీసుకున్నాడు. ఇంకొకావిడ 110ది తీసుకుని రెండుసార్లు రివిజన్ అడిగింది, రెండూ న్యాయమైనవే. మరొకాయన "ఇదే పని మొన్నటి దాకా 35కి చేశావు కదా" అని దెప్పి వెళ్లిపోయాడు. ఆయనకు ఏం సమాధానం చెప్పాలో తెలీక రెండు గంటలు కూర్చున్నాను, చివరికి పాత ప్యాకేజీ ఇంకా ఉంది సార్ అని లింక్ పంపాను.

మొగల్రాజపురం అక్కా, ఒక డౌట్. సెట్ తీసుకున్నాయన ప్రతి నెలా కొత్త రుచి పెడతాడట, నెలవారీగా మాట్లాడుకుందాం అంటున్నాడు. నెలకు ఇంత అని ఎలా చెప్పాలి?

మొగల్రాజపురం అక్క

నెలకు ఎన్ని రుచులు, ఒక్కోదానికి ఎన్ని రివిజన్లు, ఇవి రెండూ ముందు రాయించుకో. రేటు తర్వాత. ఏం మాట్లాడినా సైట్‌లోనే మాట్లాడు, వాట్సాప్ నంబర్ ఇవ్వకు. పిల్లల్ని పడుకోబెట్టాక వివరంగా రాస్తాను.