జోరీగా, జింక ఈగా?

మధురవాడ:

ఒక ఈగ గురించి గుంపులోని పెద్దలను అడగాలి. పోయిన ఆదివారం మా మేనల్లుడితో కంబాలకొండ అడవిదారిలో నడవడానికి వెళ్ళాను. వాన వెలిసిన మర్నాడు. నేల ఇంకా చిత్తడిగానే ఉంది. పావుగంట నడిచామో లేదో, ఒక ఈగ నా వెంట పడింది. కుట్టదు, పోదు. తల చుట్టూ తిరుగుతూ నాతోపాటే నడక సాగించింది. చేత్తో తోలితే పోయినట్టే పోయి, మళ్ళీ అదే చెవి దగ్గరకు వస్తుంది. చివరికి చెవి వెనక వాలి ఒక్క కోత కోసింది. బ్లేడు తగిలినట్టు చురుక్కుమంది. మావాడు దాన్ని కొట్టడం మానేసి ఫోనులో బొమ్మ తీశాడు. మేనమామ రక్తం కంటే వాడికి బొమ్మే ముఖ్యం.

ఆ బొమ్మను పెద్దది చేసి చూస్తే కోపం సగం తగ్గింది. పచ్చా బంగారమూ కలిసి మెరిసే కళ్ళు, వాటిలో ఊదారంగు మచ్చలు. పసుపు పొట్ట మీద నల్లని గీతలు. రెక్కకు అడ్డంగా నల్లని పట్టీ. పురుగుల పేర్లు చెప్పే ఒక యాప్‌కు చూపిస్తే "జింక ఈగ" అని తెలుగు చేసి పెట్టింది. మా ఇంటికి పాలు పోసే ఆవిడకు చూపిస్తే, చెంబు కింద పెట్టకుండానే "జోరీగ కదండీ" అన్నారు.

నేను ఎరిగిన జోరీగ వేరు. చిన్నప్పుడు గేదెల మీద చూసింది దీనికి రెండింతలు ఉండేది. అందుకే రెండు ప్రశ్నలు. దీన్ని కూడా జోరీగ అనవచ్చా? వేమన "చెవిలోన జోరీగ" అన్నది ఏ ఈగను చూసి?

పెందుర్తి, విశ్రాంత పశువైద్యుడు:

పాలావిడ చెప్పిందే సరి. జోరీగ అంటే ఒక్క ఈగ కాదండీ, ఒక వంశం. శాస్త్రంలో టాబానిడే అంటారు. లోకంలో నాలుగు వేలకు పైగా జాతులున్నాయి. మా పశువుల మీద వాలేవాటిలో మూడు తరహాలు చూశాను. మీ చిన్ననాటి జోరీగ టాబానస్. బలమైన ఒళ్ళు, ఎక్కువగా తేటరెక్కలు, గేదె పొట్ట మీదా కాళ్ళ మీదా కనిపిస్తుంది. రెండోది హెమటోపోటా. బూడిదరంగుది, రెక్కల నిండా ముగ్గుపిండి చిలకరించినట్టు మచ్చలు. వాలినప్పుడు రెక్కలను ఇంటికప్పులా వాల్చుకుంటుంది. మిమ్మల్ని కోసింది మూడోది, క్రైసాప్స్. గ్రీకులో ఆ మాటకు బంగారు కన్ను అని అర్థం. సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. రెక్క మీది పట్టీతోపాటు మీసాలు కూడా చూడండి. టాబానస్‌కు పొట్టిగా ఉంటాయి, దీనికి సన్నగా పొడవుగా ముందుకు చాచి ఉంటాయి. మన దేశంలో బాగా కనిపించే క్రైసాప్స్ జాతికి 1798లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త డిస్పార్ అని పేరు పెట్టాడు. మీ బొమ్మ దానికే దగ్గరగా ఉంది.

మీ మీద వాలింది ఆడది. రెండు కళ్ళ నడుమ నెత్తి మీద సందు ఉంది, చూడండి. మగదానికి ఆ సందు ఉండదు, కళ్ళు రెండూ కలిసిపోతాయి. మగది పూలతేనె తాగి బతికే సాధువు. ఆడదానికి గుడ్లు ఎదగాలంటే రక్తం కావాలి. దోమ సన్నగా గుచ్చి పీలుస్తుంది, మనకు తెలిసేసరికి సగం పని అయిపోతుంది. దీనికి అంత నాజూకు లేదు. కత్తెరలాంటి నోటితో చర్మం కోసి, ఊరిన నెత్తురు నాకుతుంది.

మీరు వెళ్ళిన చోటు, వెళ్ళిన రోజు రెండూ దానికి అనుకూలమే. నీటి మీదికి వంగిన ఆకులకు గుడ్లను గుత్తిగా అంటిస్తుంది. పిల్లపురుగులు కింది నీటిలోకో బురదలోకో జారిపడి నెలల తరబడి అక్కడే పెరుగుతాయి. రెక్కలు రావడానికి ముందు కాస్త ఆరిన మట్టిలోకి జరుగుతాయి. తల చుట్టూ తిరగడం కూడా ఈ చిన్నదాని అలవాటే. కదిలే వస్తువు, ముదురు రంగు, మన ఊపిరి, ఈ మూడూ దాన్ని లాగుతాయి. ఈసారి తెల్లటోపీ పెట్టుకుని వెళ్ళండి.

సింహాచలం, తెలుగు మాస్టారు:

డాక్టర్ గారు వంశం చెప్పారు, నేను మాట చెబుతాను. జోరు, ఈగ కలిస్తే ఉత్వసంధి వల్ల జోరీగ అవుతుంది. కందిరీగ, తేనెటీగ మన ఇళ్ళలో దీనికి తోబుట్టువులు. సంస్కృతంలో దీన్ని దంశం అంటారు. అమరకోశం సింహాదివర్గంలో "దంశస్తు వనమక్షికా" అని ఉంది, అంటే దంశమనేది అడవి ఈగ. అసలు విశేషం ఆ తరువాతి పాదంలో ఉంది: "దంశీ తజ్జాతిరల్పా స్యాత్". ఆ జాతిలోనే చిన్నదాన్ని దంశి అనాలి. కంబాలకొండలో మిమ్మల్ని కోసింది అడవి ఈగే, పైగా చిన్నది. అమరసింహుడు మీ బొమ్మ చూసి చెప్పినట్టు లేదూ!

గాజువాక, అనువాదకుడు:

నేను పిల్లల విజ్ఞాన పుస్తకాలు తెలుగు చేస్తుంటాను కాబట్టి ఒక మాట. ఇంగ్లీషువాళ్ళు పెద్దదాన్ని గుర్రం పేరుతో, చిన్నదాన్ని జింక పేరుతో వేరు చేసుకున్నారు. మనం రెండింటినీ జోరీగ అంటే పిల్లవాడికి తేడా ఎలా తెలుస్తుంది? దంశి అంటే వాడు నిఘంటువు వెతుక్కోవాలి. జింక ఈగలో తప్పేముంది?

మధురవాడ:

తప్పేమీ లేదండీ, ఎటొచ్చీ అందులో మనం లేము. ఆ లెక్కన పెద్దదాన్ని గుర్రపు ఈగ అనాలి. మా ఊళ్ళో గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసినవాళ్ళు లేరు, జోరీగను చూడనివాళ్ళూ లేరు. తేడా చూపాలంటే పట్టీరెక్కల జోరీగ అనండి. పిల్లవాడు రెక్క చూస్తాడు, పట్టీ కనిపిస్తుంది, పేరు గుర్తుంటుంది. ఆ ఈగ మీద జింక ఎక్కడ కనిపిస్తుంది?

అనకాపల్లి:

దంశం అనగానే కర్ణుడి కథ గుర్తొచ్చింది. పరశురాముడు తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుంటే, తొడ తొలిచిన పురుగు బాధను కర్ణుడు ఓర్చుకున్నాడు కదా. శాంతిపర్వంలో ఆ పురుగు పేరు అలర్కం. భృగువు శాపం పొందిన దంశుడనే రాక్షసుడే అలా పుట్టాడని కథ. అయితే కర్ణుడిని కుట్టింది కూడా జోరీగేనా?

పెందుర్తి, విశ్రాంత పశువైద్యుడు:

ఆ పురుగుకు ఎనిమిది కాళ్ళని వ్యాసులవారు లెక్కపెట్టి మరీ చెప్పారు. ఈగకు ఆరే. ఎనిమిది కాళ్ళతో తొడ పట్టుకుని తొలిచిందంటే నా అనుభవంలో అది పిడుదు. జోరీగ అంతసేపు ఒక చోట కూర్చోదు.

నిజానికి దాని ప్రమాదమంతా ఆ కూర్చోకపోవడంలోనే ఉంది. కోత మంట పుట్టగానే గేదె తోక విసురుతుంది, చర్మం అదరగొడుతుంది. కడుపు నిండని ఈగ, నోటికి అంటిన నెత్తురు ఆరకముందే పక్క పశువు మీద వాలుతుంది. సర్రా రోగం అలా దాటుతుంది. పంజాబులో గుర్రాలు, ఒంటెలు ఆ రోగంతో చస్తుంటే 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు వాటి నెత్తురులో ఈదే సూక్ష్మజీవిని చూశాడు. ఆయన పేరుతోనే దాన్ని ట్రిపనోసోమా ఎవాన్సై అంటున్నాం. మన గేదెలు, ఆవులు గుర్రాల్లా కూలిపోవు. జ్వరం వస్తుంది, పాలు తగ్గుతాయి, ఒళ్ళు కరుగుతుంది. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో పాకలో సాయంత్రం పొగ వేయమని అందుకే పోరేవాణ్ణి.

భీమిలి:

డాక్టర్ గారు "పోరేవాణ్ణి" అన్నారు చూశారా, వేమన పద్యం దగ్గరకు ఆయనే తీసుకొచ్చారు. మా నాయనమ్మ ఈ పద్యం రోజుకు ఒక్కసారైనా చదివేది, ఎక్కువగా మా తాతయ్యకు వినిపించేలా.

చెప్పులోన రాయి చెవిలోన జోరీగ
కంటిలోన నలుసు కాలిముల్లు
ఇంటిలోన పోరు నింతింత కాదయా
విశ్వదాభిరామ వినుర వేమ

నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం. రాయి చెప్పులోనే ఉంటుంది, నలుసు కంట్లోనే ఉంటుంది, ముల్లు కాల్లోనే దిగుతుంది. జోరీగ చెవిలోకి ఎలా వెళుతుంది? గేదె మీది పెద్దది చెవిలో పట్టనే పట్టదు. చెవిలో ఉన్నది ఈగ కాదు, దాని రొద అనుకుని సరిపెట్టుకున్నాను. "చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు" అంటాం, అక్కడ మాత్రం ఎవరు ఇల్లు కడుతున్నారు?

ఈ పట్టీరెక్కల సంగతి చదివాక ఇంకొకటి తోచింది. రాయి దులిపితే పోతుంది. నలుసు నీళ్ళు కొడితే పోతుంది. ముల్లు పిన్నీసుతో తీస్తే వస్తుంది. నాలుగింటిలో ప్రాణమున్నది జోరీగ ఒక్కటే, తోలినా తిరిగి వచ్చేదీ అదొక్కటే. తరువాతి పాదంలో రాబోయే ఇంటిపోరుకు అది ముందే వేసిన పీట అనిపిస్తోంది.

గాజువాక, అనువాదకుడు:

చక్కగా ఉంది గానీ, కవి అంత ఆలోచించాడంటారా? అక్కడ ఛందస్సుకు అయిదు మాత్రల మాట కావలసి వచ్చింది, జోరీగ దొరికింది. అంతే కావచ్చు కదా.

సింహాచలం, తెలుగు మాస్టారు:

అనుమానం మంచిదే, పట్టి చూద్దాం. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. చెప్పు, లోన, రాయి సూర్యగణాలు. "చెవిలోన" సలము, "జోరీగ" తగణము, రెండూ ఇంద్రగణాలే. యతి నాలుగో గణం మొదట చె మీద చెల్లిపోయింది కాబట్టి అయిదో గణానికి అక్షరం కట్టుబాటు లేదు. ఈగ, దోమ గలాలు, అంటే సూర్యగణాలే, అక్కడ చాలవు. తేనెటీగ, కందిరీగ ఒక లఘువు ఎక్కువై ఇమడవు. కానీ "తుమ్మెద" ఉందే! భగణం, ఇంద్రగణమే. "చెప్పులోన రాయి చెవిలోన తుమ్మెద" అని చదివి చూడండి, నడక ఎక్కడా కుంటుపడదు.

రొద చేసే పురుగు కావాలంటే తుమ్మెద చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ తుమ్మెద పాట కావ్యాల్లో నాయికలు విని నిట్టూర్చేది. చెవిలో తుమ్మెద అంటే ఇంట్లో పోరు కాదు, పెరట్లో వసంతం అవుతుంది. ఇక్కడ కావలసింది పాట కాదు, పాట అయ్యాక పడే కోత. ఛందస్సు బలవంతం చేయని చోట ఎంచుకున్న మాట ఇది. కాబట్టి భీమిలి అమ్మాయి మాటే నాకు ఒప్పుదల. నాయనమ్మ గారికి నమస్కారం చెప్పమ్మా.

భీమిలి:

ఆవిడ లేరండీ. తాతయ్య ఉన్నారు, ఇప్పుడు పద్యం ఆయన చదువుతున్నారు.

మధురవాడ:

ఇవాళ పొద్దున ముడసర్లోవ వైపు పని మీద వెళ్ళాను. రోడ్డు పక్కన గేదెలను కాస్తున్న పెద్దాయనకు ఫోనులో బొమ్మ చూపించి, ఇది జోరీగేనా తాతా అని అడిగాను. ఆయన బొమ్మ వైపు సరిగా చూడనైనా లేదు. దున్నపోతు మెడ మీద అరచేత్తో చిన్నగా అదిమి, రెండు వేళ్ళతో ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టారు. అదే పట్టీ, అవే కళ్ళు, నెత్తి మీద సందు కూడా. "చిన్న జోరీగ. పెద్దది ఎండెక్కాక వస్తుంది" అన్నారు. నిఘంటువులో వెతికిన తేడా ఆయన వేళ్ళ మధ్య ఉంది.

అగ్గిపెట్టెలో వేసి ఇంటికి తెచ్చాను. సాయంత్రం మేనల్లుడికి చూపిద్దామని తెరిస్తే, రెక్క మీది నల్లపట్టీ అలాగే ఉంది గానీ కళ్ళలో బంగారం లేదు. గోధుమరంగు ఎండు గింజల్లా ఉన్నాయి.

పెందుర్తి, విశ్రాంత పశువైద్యుడు:

చచ్చాక ఆ రంగు నిలవదండీ. పొడిగా ఆరనిచ్చి ఉంచండి, రెక్కలు చాలాకాలం చెడవు. అగ్గిపెట్టె మీద తేదీ, ఊరు రాయండి. దున్నపోతు మెడ అని కూడా.